సంతకం పెట్టే మనిషి

మార్ష్ వెల్స్, నెబ్రాస్కా
సెప్టెంబరు, 1994

మేవిస్ గారికి,

మీ కార్డు అందింది. దాని మీది ముళ్లచెట్టు బొమ్మ చూసి లిబీ వావ్రా, "ఈ ముళ్ల కోసమా ఆవిడ మనందరినీ వదిలేసి అరిజోనా పోయింది?" అంది. చలి పడటం లేదట అన్నాను. "పాతికేళ్లు పడిన చలి ఇప్పుడు పడకుండా పోయిందా?" అంది.

మీరు వెళ్లిన మర్నాడే మన థెరపీ గదికి తాళం పడింది. సూపరింటెండెంటు గారు మొహం అటు తిప్పుకుని, "నీ సర్టిఫికెట్టు గోడ మీద ఉంటే ఉండనీ ఆర్డిత్, నువ్వు మాత్రం గదిలో ఉండకూడదు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఫిజియోథెరపిస్టు చూసి, ఏం చెయ్యాలో రాసి సంతకం పెడితేనే కదా నాలాంటి అసిస్టెంటు పేషెంటు మీద చెయ్యి వెయ్యాల్సింది. సంతకం పెట్టే మనిషి లేకపోతే నేను ఆస్పత్రిలో మామూలు మనిషిని. ప్రస్తుతం లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నాను. దుప్పట్లకి లైసెన్సు అక్కర్లేదట.

కొత్త థెరపిస్టు కోసం ఒమాహా పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఈ ఇసుకగుట్టల మధ్యకి ఎవరొస్తారో చూడాలి.

జనం మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. తాళం చూసి కాసేపు నిలబడి వెళ్లిపోతున్నారు. నిన్న ఎమిల్ వావ్రా వచ్చాడు. మీరు వెళ్లే వారం కమ్మీలు పట్టుకుని మొదటి అడుగు వేశాడు గుర్తుందా? గడ్డికోత మధ్య ట్రాక్టరు మీదే పక్షవాతం వచ్చి, కుడిపక్కంతా పడిపోయి, మాట కూడా పోయిన మనిషి, ఆ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిన్న లిబీ మొగుణ్ణి వీల్‌చైర్లో తోసుకొచ్చింది. తలుపు కేసి వేలు చూపించి, "సార్జెంటు... తెరువు" అన్నాడు. నన్ను ఆయన సార్జెంటు అనే పిలుస్తాడు, నిలబడు నిలబడు అని అరుస్తాను కదా, అందుకు.

తెరవలేనని చెప్పడం ఎంత కష్టమైందో.

మీ
ఆర్డిత్


టూసాన్, అరిజోనా
అక్టోబరు, 1994

ఆర్డిత్‌కి,

టైపు కొట్టి పంపుతున్నానని నవ్వకు. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుందని ఎన్నేళ్లు ఏడిపించావు, ఇప్పుడు హాయిగా చదువుకో.

ఇక్కడ ఎండ, పక్కింటి వాళ్ల చిలక, మా చెల్లెలు చేసే కారం కూరలు. ఇంతకన్నా చెప్పుకోవాల్సిందేమీ లేదు. అక్కడ పని చేశాను, అలిసిపోయాను, వచ్చేశాను. లిబీకి అదే చెప్పు.

ఒక్కమాట మాత్రం జాగ్రత్తగా విను. పైన థెరపిస్టు లేకుండా నువ్వు ఎవరి కాలూ ముట్టుకోవద్దు. ఎమిల్ కాలు అసలు ముట్టుకోవద్దు. నీ మనసు నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను. నీ చేతులు మంచివి, కానీ చేతులు వేరు, పరీక్ష చేసి నిర్ణయం తీసుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య గోడ కట్టింది నిన్ను అవమానించడానికి కాదు, పేషెంటుని కాపాడటానికి. నేను ఈ మాట నీకు మొదటి రోజే చెప్పాను. అప్పుడు నువ్వు నోట్సు రాసుకున్నావు కూడా.

కొత్త మనిషి వస్తాడు. దుప్పట్లు మడతపెట్టు.

మేవిస్


మార్ష్ వెల్స్
నవంబరు, 1994

మేవిస్ గారికి,

కొత్త మనిషి వచ్చాడు, వెళ్లాడు కూడా. కుర్రవాడు, మంచివాడే. గదంతా చూశాడు, నాతో కాఫీ తాగాడు. అతని భార్య కారు దిగి చుట్టూ చూసి, "మిగతా ఊరు ఎక్కడుంది?" అని అడిగింది. అప్పుడే నాకు అర్థమైపోయింది.

అన్నిటికన్నా దగ్గరగా థెరపిస్టు ఉన్న ఊరికి వెళ్లాలంటే పొద్దున బయల్దేరితే చీకటిపడ్డాకే ఇల్లు చేరడం. లిబీ రెండుసార్లు తీసుకెళ్లింది. ఆ రోజుల్లో పశువులకి మేత వేసే దిక్కులేదు. మంచు మొదలయ్యాక అదీ మానేసింది.

మొన్న ఆదివారం చర్చి హాల్లో ఎమిల్‌ని చూశాను. పిక్క బిగుసుకుపోయింది, పాదం లోపలికి తిరిగిపోతోంది. నేను కొలాచీ బన్నుల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను, అవి పంచాలని కూడా గుర్తు లేదు. లిబీ పక్కకి వచ్చి, "అది అలాగే ఉండిపోతుందా?" అని అడిగింది. నేను పళ్లెంలోవి సర్దుతున్నాను. "ఆర్డిత్, నిన్నే. ఉండిపోతుందా?"

"వదిలేస్తే ఉండిపోతుంది" అన్నాను.

"మరి నువ్వు మా పక్కింటిదానివి కదే. పక్కింటి వాళ్లు ఒక చెయ్యి సాయం పట్టకూడదని కూడా చట్టముందా?"

ఉందో లేదో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మర్నాడు లాండ్రీ పని అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. జీతం లేదు, ఫీజు లేదు. పక్కింటిదానిలాగే వెళ్తున్నాను. కానీ వెళ్లి చేస్తున్నది పక్కింటిదాని పని కాదు. మీతో అబద్ధం ఎందుకు?

ఆర్డిత్


టూసాన్
నవంబరు, 1994

ఆర్డిత్,

నీ ఉత్తరం నాకు అందనట్టే అనుకుంటాను. రేపట్నుంచి ఆ ఇంటికి వెళ్లకు. వెళ్తే కాఫీ తాగి రా.

నేను ఆగస్టులో రాసిన ప్రణాళిక పట్టుకుని నవంబరులో చేయిస్తున్నావు. ఆ కాలు ఇప్పుడు ఆ కాలు కాదు. మళ్లీ ఎవరు పరీక్ష చేశారు? కోపం తెచ్చుకో, నన్ను తిట్టు, కానీ ఆపు.

మేవిస్


మార్ష్ వెల్స్
జనవరి, 1995

మేవిస్ గారికి,

తిట్టరని మాటివ్వండి. తిట్టినా ఈ ఒక్క సంగతీ మీకు చెప్పకుండా ఉండలేను.

నిన్న ఎమిల్ వంటింటి తలుపు నుంచి పశువుల కొట్టం దాకా నడిచాడు. ఎడమచేత్తో కర్ర, నడుముకి కట్టిన బెల్టు నా చేతిలో. లోపల కొత్తగా ఈనిన ఆవు ఉంది. దూడ అప్పుడే లేవబోతోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. ఎమిల్ చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని చూపించి, "దానికీ... సార్జెంటు... కావాలి" అన్నాడు. లిబీ మేతబుట్ట మీద కూలబడి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్ని నెలలైందో.

మాటలు కూడా వస్తున్నాయి. అది నా పని కాదు, దానికి వేరే నిపుణులు ఉంటారు. కానీ నడుస్తూ మాట్లాడతాం కదా. గేటు, నీళ్లతొట్టి, మంచు, వెధవ మంచు. ఇలా ఒక్కో మాటా దొరుకుతోంది. వెధవ అన్నమాట మిగతావాటికంటే ముందే వచ్చింది.

మీరు రాసింది మరిచిపోలేదు. ప్రతి సాయంత్రం వాళ్ల గేటు దగ్గర కారు ఆపి, వెనక్కి తిప్పుదామా అనుకుంటాను. అంతలో ఆయన కిటికీలో కనిపిస్తాడు, అప్పటికే బూట్లు తొడుక్కుని.

మీరు ఈ మధ్య చాలా చిన్న ఉత్తరాలు రాస్తున్నారు. ఒంట్లో బాగానే ఉందా?

ఆర్డిత్


మార్ష్ వెల్స్
ఫిబ్రవరి, 1995

మేవిస్ గారికి,

ఎమిల్ పడిపోయాడు.

కొట్టం దారిలో బురద గడ్డకట్టి చక్రాల గాడులు పడ్డాయి. కుడి బూటు ముందుభాగం అందులో ఇరుక్కుంది. బెల్టు నేను వదల్లేదు. నేనూ ఆయనతోపాటే పడ్డాను. కానీ ఆయన తుంటి కింద రాయి ఉంది. ఆ శబ్దం నేను విన్నాను. ఆయన అరవలేదు, నా మొహం చూసి, "నీకు... తగిలిందా?" అన్నాడు. ఆయన నోట ప్రశ్న రావడం అదే మొదటిసారి.

పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేశారు. అక్కడి నర్సు, పడినప్పుడు పక్కన ఎవరున్నారని అడిగింది. లిబీ ఏదో చెప్పి దాటేద్దామనుకుందట. ఈలోగా ఎమిల్ మంచం మీంచి, "నా... థెరపిస్టు" అన్నాడట, గర్వంగా. నర్సు రాసుకుంది. తర్వాత ఎవరో ఆ థెరపిస్టు ఎవరని వెతికారు. లేరని తేలింది. ఎవరి మీదా నాకు కోపం లేదు, వాళ్లు అడగాల్సిందే అడిగారు.

లైసెన్సుల బోర్డు నుంచి నోటీసు వచ్చింది. లింకన్‌లో విచారణ.

ఇప్పుడు సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీకు ఇక్కడి లైసెన్సు ఇంకా ఉంది కదా. ఉత్తరాల్లో, ఫోన్లో నన్ను మీరే నడిపిస్తున్నారని ఒక్కమాట రాసివ్వగలరా? అది సరిపోదేమో. నా లాయరు పిల్ల మాత్రం, ఏదో ఒకటి ఉంటే పూర్తిగా రద్దు కాకుండా కొన్నాళ్లు ఆపడంతో పోవచ్చు అంటోంది.

ఇంకో సంగతి. రాత్రిళ్లు దీని గురించే ఆలోచిస్తున్నాను. పాదం కొస కొద్దిగా కిందకి జారడం నేను జనవరిలోనే గమనించాను. అలసట అనుకున్నాను. మీరు ఉంటే ఒక్క చూపు చూసి, చీలమండకి ప్లాస్టిక్ పట్టీ వేయించేవారు. నేను ఇంకాస్త నడిపించాను.

ఆర్డిత్


టూసాన్
మార్చి, 1995

ఆర్డిత్,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు నన్ను ఏమన్నా పడతాను.

నాకు నెబ్రాస్కా లైసెన్సు లేదు. ఎక్కడా లేదు. నేను వచ్చిన కొద్దిరోజులకే గడువు తీరిపోయింది, నేను పొడిగించుకోలేదు. పొడిగించడానికి పంపే కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది. పేషెంట్ల భద్రతకి అడ్డొచ్చే జబ్బేదైనా మీకు ఉందా అని. లేదు అని రాస్తే అబద్ధం. ఉంది అని రాయడానికి చెయ్యి రాలేదు. నిజంగానే రాలేదు, పెన్ను పట్టుకుంటే వణుకుతోంది. టైపు కొట్టేది అందుకే, నీ వెక్కిరింతలకి కాదు. ఇప్పుడు ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక్క వేలితో కొడుతున్నాను. పార్కిన్సన్ జబ్బు. మా నాన్నకీ అదే.

కిందటి ఏడాది వసంతకాలంలో ఒక ముసలావిడ మెడ పట్టుకుని ఉండగా నా వేళ్లు నా మాట వినలేదు. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ ఆ రోజే వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాను. మీకెవరికీ చెప్పలేదు. నన్ను చూసి జాలిపడే ఊరిలో ఉండలేననుకున్నాను. నేను నిజం చెప్పి ఉంటే ఆస్పత్రివాళ్లు వేసవి ముందే వేరే మనిషిని వెతుక్కునేవారు. నువ్వు ఈ రోజు ఈ పరిస్థితిలో ఉండేదానివి కాదు. గోడ గురించి నీకు పాఠం చెప్పాను, గోడకి తలుపు నేనే మూసి తాళంచెవి పట్టుకుపోయాను.

విను. నేను సంతకం పెడతాను. గడువు తీరకముందు తేదీ వేసి, నిన్ను నడిపించే బాధ్యత నాదేనని రాసిస్తాను. అబద్ధమే. వంకరటింకర సంతకం వస్తుంది, అయినా నాదే. నాకు పోయేదేం లేదు ఇంక. పంపమంటావా?

మేవిస్


మార్ష్ వెల్స్
ఏప్రిల్, 1995

మేవిస్ గారికి,

పంపొద్దు. మీ ఉత్తరం లాండ్రీ గదిలో రెండుసార్లు చదివాను. మీ చేతుల వెనకాలే నడిచి నేను పని నేర్చుకున్నాను. వాటితో అబద్ధం రాయించలేను. మీరు ముందే చెప్పాల్సింది. కోపం వచ్చింది, నిజం. తర్వాత అదీ పోయింది.

నిన్న లింకన్‌లో విచారణ అయింది.

నా లాయరు ఒకే దారి పట్టుకుంది. ఆర్డిత్ వైద్యం చెయ్యలేదు, పక్కింటి మనిషిగా పెద్దాయన చెయ్యి పట్టుకుని నడిచింది, అంతే. బోర్డువాళ్లు కూడా ఆ దారి నచ్చినట్టే విన్నారు. అధ్యక్షురాలు, తెల్లజుట్టు ఆవిడ, "ఈమె మంచిది కాదని ఇక్కడ ఎవరూ అనడం లేదు" అంది. గట్టెక్కాను, ఇంక లేచి ఇంటికి వెళ్లడమే అనుకున్నాను.

ఎమిల్ వస్తాడని నాకు తెలియదు. తీసుకెళ్తావా లేదా అని లిబీని నాలుగు రోజులు సాధించాడట. వెనక వీల్‌చైర్లోంచి ఎడమచెయ్యి ఎత్తాడు. "మీరు మాట్లాడక్కర్లేదండీ" అంది అధ్యక్షురాలు.

"చెప్తా" అన్నాడు. కోటు వేసుకున్నాడు, టై లిబీ కట్టినట్టుంది. "నడక... నేర్పింది. రోజూ."

నా లాయరు గబుక్కున లేచి, "అంటే ఆవిడ మీ పక్కన నడిచేది, పడిపోకుండా పట్టుకునేది, అంతే కదండీ?" అని అడిగింది.

ఎమిల్ మొహం ఎర్రబడింది. ఆ పిల్ల నన్ను తక్కువ చేస్తోందనుకున్నాడు. "కాదు!" అన్నాడు. "పట్టుకోవడం... కాదు. థెరపీ. కాలు... సాగదీసింది. రాసింది... ఎలా చెయ్యాలో. రోజూ. ఇది... మంచి... థెరపిస్టు."

ఇన్ని మాటలు వెతికి పట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎవరూ అడ్డు రాలేదు. ఒక్కో మాటా దొరికినప్పుడల్లా నాకేసి చూసేవాడు. నేను ఆయనకి నేర్పినట్టే, ఊపిరి తీసుకో, తొందరపడకు అని నా తల దానంతట అదే ఊగింది. మేవిస్ గారూ, ఆయన్ని ఆపాలని నాకు అనిపించలేదు. ఒక్కసారీ అనిపించలేదు. చివరిమాట అన్నాక, పని చేసే సగం మొహంతో నవ్వాడు.

నా లాయరు కూర్చుంది. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. లిబీ ఆయన్ని బయటికి తోసుకెళ్లాక తీర్పు చెప్పారు. సర్టిఫికెట్టు రద్దు. వాళ్ల చోట మీరున్నా అదే చేసేవారు, నేనైనా అంతే.

బయట వరండాలో ఎమిల్ నా చెయ్యి పట్టుకుని, "గెలిచాం... సార్జెంటు" అన్నాడు.

ఆర్డిత్


టూసాన్
మే, 1995

ఆర్డిత్,

సర్టిఫికెట్టు పోయిందని ఎమిల్‌కి చెప్పారా?

ఇక్కడికి వచ్చెయ్యమని రాద్దామని కూర్చున్నాను. వేరే రాష్ట్రంలో మళ్లీ మొదలుపెట్టవచ్చని. తర్వాత గుర్తొచ్చింది, ఏ రాష్ట్రం కాగితమైనా మొదట అడిగేది ఇంకెక్కడైనా మీ సర్టిఫికెట్టు రద్దయిందా అనే. నీకు చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు. పాతికేళ్లలో ఇలా ఎప్పుడూ లేదు.

ఇప్పుడు నాకు వారానికి ఒకసారి ఒక అమ్మాయి నడక నేర్పుతోంది. చిన్నది, నీ అంత గట్టిగా అరవదు. గుమ్మాల దగ్గర నా కాళ్లు అంటుకుపోతాయి.

మేవిస్


మార్ష్ వెల్స్
అక్టోబరు, 1995

మేవిస్ గారికి,

గుమ్మం దగ్గర ఆగిపోతే కిందకి చూడొద్దని ఆ అమ్మాయి చెప్పే ఉంటుంది. నేనూ చెప్తున్నాను. ఉత్తరంలో చెప్తే కూడా తప్పేమో.

ఆయనకి చెప్పలేదు. ఆ రోజు లింకన్ నుంచి వస్తూ దారిలో పెట్రోలు కొట్టించడానికి ఆగినప్పుడు లిబీ నా కారు దగ్గరికి వచ్చింది. "పక్షవాతం వచ్చాక ఆయన తనంతట తాను చేసిన పని ఇదొక్కటే. నిన్ను కాపాడాననుకుంటున్నాడు. దాన్ని లాక్కోకు ఆర్డిత్, నీకు దణ్ణం పెడతాను" అంది. ఏడవలేదు. కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది.

"మరి మళ్లీ నడిపించడానికి నేను రాకపోతే ఎందుకు రావడం లేదంటాడు కదా?"

"ఏదో ఒకటి చెప్పు. ఇది మాత్రం వద్దు."

వాళ్లింటికి వెళ్లాను. ఎమిల్ బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు. ఇంక నాకు ఓపిక లేదని, ఈ పని విసుగొచ్చిందని, కిరాణా కొట్లో చేరుతున్నానని చెప్పాను. కళ్లలోకి చూసే చెప్పాను. ఆయన ముందు నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు. తర్వాత బూట్ల కేసి చూసుకున్నాడు. ఒక్కమాట కూడా అనలేదు. మాటలు దొరక్క కాదు.

కొట్లోనే చేస్తున్నాను. ఆస్పత్రి గదిలో ఇప్పుడు మంచాలు పేర్చారు. ప్రకటన ఇవ్వడం మానేశారు. ఎమిల్ నడవడం లేదు. తుంటి అతుక్కుంది, అయినా నడవడం లేదు. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చోవడం కూడా మానేశాడని లిబీ చెప్పింది.

నిన్న ఇద్దరూ కొట్టుకి వచ్చారు. లిబీ వెనక వరసలో పిండి వెతుక్కుంటోంది. ఎమిల్ కుర్చీ నా బల్ల పక్కనే ఆగింది. ఆయన కుడిపాదం కుర్చీకి పాదాలు పెట్టుకునే పలక మీంచి జారిపోయి నేల మీద పడి ఉంది, పూర్తిగా పక్కకి మెలితిరిగి. ఆ కుర్చీని ముందుకు తోస్తే చీలమండ విరుగుతుంది. నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను, దాన్ని ఎత్తి పలక మీద పెడదామని. అంతే, ఎవరైనా చేసే పని. పట్టుకోగానే పిక్క రాయిలా తగిలింది.

ఎమిల్ ఎడమచెయ్యి కిందకి వచ్చి నా వేళ్లని తీసేసింది. మెత్తగానే తీసేశాడు. ఆయన నాతో మాట్లాడి అప్పటికి వేసవంతా గడిచిపోయింది. ఊపిరి తీసుకుని, తొందరపడకుండా, నేను నేర్పినట్టే, ఒక్కో మాటా పట్టుకున్నాడు.

"నీ... పని... కాదు."

లిబీ వచ్చి పాదం సర్ది పెట్టింది. నేను లేచి బల్ల వెనక్కి వెళ్లి, వాళ్ల పిండి సంచీ, కాఫీ పొడి లెక్కకట్టాను.

ఆర్డిత్